దూరవైద్యము: వ్యయము, ఫలము

రోగి యొకచోట, వైద్యుడు మరియొకచోట ఉండి, ఇరువురి నడుమ వందల మైళ్ల దూరమున్నప్పుడు మూడు మార్గములు కలవు. రోగిని వైద్యునివద్దకు చేర్చుట మొదటిది. వైద్యుని రోగివద్దకు రప్పించుట రెండవది. ఇరువురిలో ఎవరును కదలకుండ మాటను మాత్రమే పంపుట మూడవది. ఈ మూడవ మార్గమునకు నేడు టెలిమెడిసిన్ అని పేరు. తెలుగున దూరవైద్యమనవచ్చును. దీనిని గూర్చి మాటాడువారు సాధారణముగ యంత్రముల మహిమను వర్ణింతురు. కాని ప్రజల సొమ్మును వెచ్చించువారు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. వెచ్చించిన రూపాయికి కలిగిన మేలెంత? ఆ రూపాయినే ఒక నర్సు జీతమునకో, ఒక బాటకో వెచ్చించినచో ఇంతకు మించిన మేలు కలిగెడిదా?

ఈ ప్రశ్న ఇంటర్నెట్టుతో పుట్టినది కాదు. దీని వయస్సు నూరేండ్లకు పైబడినది. ఆస్ట్రేలియా ఖండపు లోతట్టు ప్రాంతములలో ఒక మతప్రచారకుడు, ఒక విద్యుత్ కార్మికుడు, కొందరు వైద్యులు, నర్సులు కలిసి దీనికి ఒక సమాధానమును వెదకిరి. ఆ చరిత్రను పరిశీలించినచో, దూరవైద్యము ఎప్పుడు చవుక, ఎప్పుడు ఖరీదు అను విషయము స్పష్టపడును. నేడు మన మన్యప్రాంతములకు అట్టి సేవలను విస్తరింప జేయుచున్నాము గనుక, ఆ సమాధానముతో మనకును పని కలదు.

కథ 1917వ సంవత్సరముతో మొదలగును. పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తర భాగమున హాల్స్ క్రీక్ అను చిన్న ఊరు కలదు. దానికి దూరముననున్న రూబీ ప్లెయిన్స్ అను పశువుల క్షేత్రములో జిమ్మీ డార్సీ అను పసులకాపరి గుఱ్ఱముపై నుండి పడి తీవ్రముగా గాయపడెను. తోడివారు అతనిని హాల్స్ క్రీక్ నకు చేర్చిరి. అచ్చట వైద్యుడు లేడు. ఉన్నవాడు పోస్టుమాస్టరు టకెట్ ఒక్కడే. అతనికి ప్రథమచికిత్స కొంత తెలియును. అది నేర్పిన వైద్యుడు హాలండు పెర్త్ నగరమున ఉండెను. టకెట్ అతనికి తంతి మూలమున రోగి స్థితిని తెలిపెను. మూత్రాశయమునకు దెబ్బ తగిలినదనియు, వెంటనే శస్త్రచికిత్స చేయవలెననియు వైద్యుడు బదులిచ్చెను. తనకు కత్తులు లేవని టకెట్ విన్నవించగా, జేబుకత్తితోనే చేయుమని ఉత్తరువు వచ్చెను. మోర్సు సంకేతములలో ఒక్కొక్క సూచన వచ్చుచుండ, పొటాషియం పర్మాంగనేటు తప్ప వేరొక క్రిమిసంహారిణి లేకుండగనే, ఆ పోస్టుమాస్టరు శస్త్రచికిత్స నెరవేర్చెను.

అటుపిమ్మట హాలండు స్వయముగా బయలుదేరెను. పశువులనెక్కించు ఓడలో కొంత దూరము, ఫోర్డు కారులో కొంత దూరము, గుఱ్ఱపుబండిలోను కాలినడకను మిగిలిన దూరము పయనించి, పది దినములకు హాల్స్ క్రీక్ చేరెను. డార్సీ ముందటి దినముననే మరణించియుండెను. అతనిని చంపినది శస్త్రచికిత్స కాదు. అంతవరకు ఎవరును గుర్తింపని మలేరియాయు, ఉండుకములో పగిలిన చీముగడ్డయు అతని ప్రాణములు తీసెను.

ఈ సంఘటనను వినినవారు సాధారణముగ దానియందలి సాహసమును మెచ్చుకొందురు. వ్యయఫలముల దృష్టితో చూచినచో అందు మూడు విషయములు గోచరించును. మొదటిది: వైద్యుని మాటకు నిమిషములు పట్టినవి, వైద్యుని దేహమునకు పది దినములు పట్టినవి. మాటను పంపుట ఎంత చవుకయో, మనిషిని పంపుట ఎంత భారమో దీనివలన తెలియును. రెండవది: మాట చేరినను, రోగి ప్రక్కన తగిన చేయియు, తగిన మందును, తగిన పనిముట్టును లేనిచో ఆ మాట సగము వ్యర్థము. మూడవది: తంతి మూలమున చెప్పబడిన దెబ్బ వైద్యునికి తెలిసినది, చెప్పబడని జ్వరము తెలియలేదు. అచ్చట అడిగి చూచు అనుభవజ్ఞుడు లేనిచో దూరమునున్న వైద్యుడు గ్రుడ్డివానితో సమానుడు.

ఆ దినములలో ఆస్ట్రేలియా ఇన్‌లాండ్ మిషన్ అను సంస్థకు అధిపతిగ జాన్ ఫ్లిన్ అను ప్రెస్బిటేరియన్ గురువు ఉండెను. ఈ సంస్థ 1912లో ఏర్పడినది. లోతట్టు ప్రాంతములలో అచ్చటచ్చట చిన్న ఆసుపత్రులు కట్టించి, నర్సులను నియమించుట దాని పని. నర్సులు దొరకిరి గాని వైద్యులు దొరకలేదు. పది లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన ప్రదేశమునకు ఇద్దరే వైద్యులుండిరి. డార్సీ మరణము ఫ్లిన్ హృదయమును కలచివేసెను.

అదే సంవత్సరమున అతనికి ఒక జాబు వచ్చెను. దానిని వ్రాసినవాడు క్లిఫర్డ్ పీల్ అను వైద్యవిద్యార్థి. అప్పుడతడు ఆస్ట్రేలియా వైమానికదళమున చేరి యుద్ధమునకు పోవుచుండెను. విమానముల సాయమున వైద్యుని లోతట్టు ప్రాంతములకు పంపవచ్చునని అతడు సూచించెను. అతడు కల మాత్రమే వర్ణించి ఊరకుండలేదు. విమానము వెల ఎంత, వేగమెంత, నడుపుటకు ఎంతగును అను లెక్కలను గూడ జతపరచెను. 1918 సెప్టెంబరులో అతడు ఫ్రాన్సులో యుద్ధమున మరణించెను. ఆ జాబును ఫ్లిన్ తన పత్రికలో ప్రకటించి, పది సంవత్సరములపాటు దాతలకును ప్రభుత్వమునకును ఆ లెక్కలను వినిపించుచు వచ్చెను. ఈ సేవ జన్మించుటకు పూర్వమే దాని జమాఖర్చుల చర్చ మొదలైనదనుట గమనింపదగిన విషయము.

1928 మే 15వ తేదీన క్వీన్సులాండు రాష్ట్రమందలి క్లాన్‌కరీ అను ఊరిలో ఒక సంవత్సరపు ప్రయోగముగా వైమానిక వైద్యసేవ నెలకొల్పబడెను. మే 17న వైద్యుడు వెల్చ్, విమానచోదకుడు ఆఫ్లెక్ తొలిసారి పయనమై, 85 మైళ్ల దూరమునున్న జూలియా క్రీక్ నకు చేరిరి. విమానము సంస్థ సొంతము కాదు. క్వాంటాస్ కంపెనీనుండి మైలుకు రెండు షిల్లింగుల చొప్పున బాడుగకు తీసికొనబడినది. మొదటి సంవత్సరమున 50 పయనములు జరిగినవి. సుమారు 20,000 మైళ్ల దూరము తిరిగి, 225 మంది రోగులకు చికిత్స చేసిరి.

ఈ అంకెలను కాగితముపై వేసి చూతము. ఇరువది వేల మైళ్లకు రెండేసి షిల్లింగుల చొప్పున 40,000 షిల్లింగులు, అనగా 2,000 పౌనులు. దానిని 225 మందికి పంచినచో మనిషికి దాదాపు 9 పౌనులు వచ్చును. ఇది ఆనాటి సామాన్య కార్మికుని రెండువారముల కూలికి ఇంచుమించు సమానము. వైద్యుని జీతము, మందుల ఖరీదు ఇందులో చేరలేదు. ప్రాణము నిలిచిన రోగికి ఇది చవుకయే. కాని చిన్న జ్వరమునకో, కురుపునకో, పిల్లవాని దగ్గునకో విమానము పంపవలసివచ్చినచో ఏ ధర్మనిధియు నిలువజాలదు.

ఇందు మరియొక చిక్కు కూడ ఉండెను. విమానమును పిలుచుటెట్లు? టెలిఫోను తీగగాని, తంతిగాని లేని క్షేత్రమునుండి మనిషి గుఱ్ఱమెక్కి పోయి కబురు చెప్పవలెను. కబురు చేరుసరికి దినములు గడచును. పిలుపు లేనిది విమానము వ్యర్థము. పిలుపు వచ్చినను, రోగము చిన్నదో పెద్దదో తెలియనిచో, ప్రతి పిలుపునకు విమానమును పంపవలసివచ్చును. కావున, ఖరీదైన విమానమును పొదుపుగా వాడుటకు చవుకైన వార్తాసాధనమొకటి కావలసి వచ్చెను.

అది కల్పించినవాడు అడిలైడు నగరవాసియగు ఆల్ఫ్రెడ్ ట్రేగర్. 1926లో ఫ్లిన్, ట్రేగరులు ఆలిస్ స్ప్రింగ్స్ ప్రాంతమున వైర్‌లెస్ ప్రయోగములు చేసిరి. వార్త అందినది. కాని బరువైన బ్యాటరీలను ఎడారిలో మోయుట, వానిని మార్చుట సాధ్యము కాదయ్యెను. చేతితో త్రిప్పు యంత్రమును పరీక్షించిరి. ఒకడు త్రిప్పుచుండగా మరియొకడు మీట నొక్కవలెను. దానికి ఇద్దరు మనుష్యులు కావలసివచ్చిరి. ఇంటిలో ఒంటిగానున్న స్త్రీకి అది పనికిరాదు. అంతట ట్రేగర్ సైకిలు పెడలును పోలిన పెడళ్లను విద్యుజ్జనక యంత్రమునకు అమర్చెను. కాళ్లతో త్రొక్కుచున్నచో 20 వాట్ల శక్తి సులభముగ పుట్టుచుండెను. చేతులు రెండును ఖాళీగా ఉండెను. 1929 జూన్ నెలలో ఆగస్టస్ డౌన్స్ అను క్షేత్రమున మొదటి పెడల్ వైర్‌లెస్ అమర్చబడెను. మోర్సు నేర్వనివారికొరకు ట్రేగర్ టైపుమిషను వంటి మీటల పలకను కూడ రూపొందించెను. అక్షరమును నొక్కినచో దాని సంకేతము తనంతట తానే పోవును. 1930 దశకము నడిమికి మాటలే నేరుగా వినబడజొచ్చెను.

ఈ యంత్రములో అద్భుతమనదగినది దాని శక్తి కాదు, దాని నిరాడంబరత. పెట్రోలు అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు, నిపుణుడు అక్కరలేదు. చెడినచో బాగుచేయుట సులభము. వాడుకకు అయ్యెడి ఖర్చు త్రొక్కు కాళ్ల శ్రమయే. ఒక సాధనము వెల ఎంతయని మాత్రమే లెక్కించుట చాలదు. దానిని పదేండ్లపాటు నిలుపుటకెంతగునని కూడ అడుగవలెను. ట్రేగర్ యంత్రము ఈ రెండవ పరీక్షలో గెలిచినది.

అంతకంటె ముఖ్యమైన విశేషము మరొకటి కలదు. ఆ వైర్‌లెస్ వైద్యమునకు మాత్రమే వాడబడలేదు. క్షేత్రములవారు దాని మూలముననే తంతివార్తలు పంపుకొనిరి, పశువుల బేరములు మాటలాడుకొనిరి. పొరుగువారి ముఖము నెలల తరబడి చూడని స్త్రీలు నియమిత సమయములందు దానివద్ద కూర్చుండి ముచ్చటించుకొనిరి. గోలచేయు గాలా అను ఒక చిలుకజాతి పక్షి పేరును ఆ ముచ్చటల వేళకు ముద్దుపేరుగా పెట్టిరి. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్ నుండి ఆ వైర్‌లెస్ మూలముననే పిల్లలకు పాఠములు చెప్పు ఆకాశపాఠశాల ఆరంభమయ్యెను. ఒకే సాధనము నాలుగు పనులకు ఉపయోగపడినందున దాని వ్యయము నాలుగు పనులమీద పంపిణీ అయినది. వైద్యము వంతునకు వచ్చిన భారము తేలికయైనది. అంతేకాదు, ప్రతిదినము వాడుకలో నుండుటచే, ఆపద వచ్చిననాడు ఆ సాధనము తుప్పుపట్టి మూలపడియుండుట జరుగలేదు.

మాట చేరినది. రోగి ప్రక్కన మందు ఉండవలెను గదా! 1942 మొదలుకొని క్షేత్రములకు మందుల పెట్టెలనిచ్చుట ఆరంభమయ్యెను. ప్రతి మందునకు ఒక సంఖ్య వేయబడినది. లాటిను పేర్లు పలుకనక్కరలేదు. ఫలాని సంఖ్యగల సీసానుండి ఇన్ని మాత్రలు ఇన్ని గంటలకొకసారి ఇండని వైద్యుడు రేడియోలో చెప్పినచో చాలును. 1950 ప్రాంతమున లూసీ గార్లిక్ అను నర్సు మానవదేహపటమును సిద్ధపరచెను. దేహమును భాగములుగ విభజించి ప్రతి భాగమునకు సంఖ్య నిచ్చెను. నొప్పి ఎచ్చటనున్నదని వైద్యుడు అడిగినచో, తల్లి పటము చూచి సంఖ్య చెప్పును. చదువు తక్కువైనవారికిని, కంగారుపడినవారికిని ఇది మహోపకారమయ్యెను. హాల్స్ క్రీక్ లో వైద్యునికి లేని కన్నును ఈ పటము కొంతవరకు ఇచ్చినది. పోస్టుమాస్టరునకు లేని మందును ఆ పెట్టె ఇచ్చినది. ఆ రెండింటి ఖర్చు ఒక కాగితము, ఒక పెట్టె.

ఇప్పుడు లెక్క పూర్తిగా మారినది. విమానమొకటే ఉన్నప్పుడు ప్రతి రోగికి పయనము కావలెను. రేడియో, పెట్టె, పటము మూడును కూడినప్పుడు చిన్న రోగములు మాటతో తీరినవి. విమానము నిజముగా అవసరమైనవారికొరకు మిగిలినది. చవుకైన సాధనము ఖరీదైన సాధనమునకు వాకిట కాపలా కాచినదన్నమాట. దూరవైద్యమువలన కలుగు పొదుపునకు మూలము ఇదియే. ఎగురనక్కరలేని విమానము, చేయనక్కరలేని ప్రయాణము, ముదరకముందే తగ్గిన జబ్బు, ఇవియే దాని లాభములు. ఇవి జరుగని విషయములు. జరుగనిది ఏ ఖాతాపుస్తకమునను కనబడదు. కనుకనే ఇట్టి సేవలకు అయిన ఖర్చు అందరికిని కనబడును, మిగిలిన సొమ్ము ఎవరికిని కనబడదు.

ఐనను ఈ చరిత్రకు ఒక చీకటిభాగము కలదు. దానిని దాచినచో లెక్క తప్పగును. పెడల్ వైర్‌లెస్ ఉన్నది తెల్లవారి పశుక్షేత్రములయందు. ఆ నేలకు ఆదినుండి హక్కుదారులైన ఆదిమజాతులవారి విడుదులలో అది లేదు. ఫ్లిన్ సంస్థ తెల్లవారి సేవకే ప్రాధాన్యమిచ్చి ఆదిమజాతులను ఉపేక్షించినదని అడిలైడు వైద్యుడు ఛార్లెస్ డ్యుగిడ్ తీవ్రముగా విమర్శించెను. అతడే 1937లో ఎర్నబెల్లా అను చోట ఆ జాతులకొరకు ఒక కేంద్రమును స్థాపింపజేసెను. తలసరి ఖర్చు తక్కువయని చెప్పు సగటు అంకె, ఆ తలలలో ఎవరి తలలు చేరలేదో చెప్పదు. సాధనమున్నవాడే సేవ పొందునప్పుడు, లేనివాని దూరము పూర్వముకంటె హెచ్చును. నేటి రాయల్ ఫ్లైయింగ్ డాక్టర్ సర్వీస్ ఆదిమజాతుల గ్రామములకును సేవ చేయుచున్నది. కాని ఆ తొలినాళ్ల పాఠమును మరువరాదు.

ఇంతవరకు విజయగాథ చెప్పుకొంటిమి. ఇక ఇతర దేశములలో జరిగిన రెండు ప్రయోగములను పోల్చి చూచినచో ఈ విజయమునకు కారణము మరింత తేటపడును. 1970 దశకమున అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున, పపాగో అను ఆదిమజాతివారికొరకు అంతరిక్ష సంస్థ నాసా ఒక గొప్ప ప్రయోగము చేసెను. నేడు ఆ జాతివారు తమను టొహోనో ఓఒధమ్ అని పిలుచుకొందురు. పరికరములతో నిండిన వైద్యశకటము గ్రామములకు పోవును. దానియందలి వైద్యసహాయకుడు సూక్ష్మతరంగముల మూలమున దూరపు ఆసుపత్రిలోని వైద్యునికి రోగిని టెలివిజనులో చూపును. వ్యోమగాములకొరకు కనిపెట్టిన విద్య పల్లెలకు దిగివచ్చినదని అందరును సంతోషించిరి. యంత్రములు పనిచేసినవి. కాని ప్రయోగకాలము ముగిసి, ప్రత్యేక నిధులు ఆగిన వెనుక ఆ ఏర్పాటు నిలువలేదు.

ఇంచుమించు అదే కాలమున, 1977లో, కెనడా తూర్పుతీరపు న్యూఫౌండ్‌లాండులో మెమోరియల్ విశ్వవిద్యాలయ వైద్యుడు మాక్స్ హౌస్ హెర్మీస్ అను ఉపగ్రహము సాయముతో దూరవైద్యమును ఆరంభించెను. ఉపగ్రహపు కాలము తీరినది. అప్పుడతడు మరియొక ఉపగ్రహముకొరకు కాచుకొని కూర్చుండలేదు. సాధారణమైన టెలిఫోను తీగలకు దిగెను. పలువురు వైద్యులు, నర్సులు ఒకేసారి మాటలాడుకొనునట్లు తీగలను కలిపెను. మెదడు విద్యుత్తరంగముల రేఖాచిత్రములను కూడ ఆ తీగలపైననే పంపెను. ఆ తీగలను విద్యాబోధనకును వినియోగించిరి. ఉత్తర అమెరికాలో 1986కు ముందు పుట్టిన దూరవైద్య ప్రయోగములలో నిలిచినది ఇంచుమించు ఇదొక్కటే. పనికి సరిపడు సాధనములలో అత్యంత సులభమైనదానిని, అత్యంత చవుకైనదానిని ఎన్నుకొనుట అతని సూత్రము. ట్రేగర్ పెడలునకును, హౌస్ టెలిఫోనునకును నడుమ సముద్రములున్నను, నీతి ఒక్కటే.

తరువాత యంత్రములు చవుకబడినవి. దేశదేశముల దూరవైద్యమును ప్రశంసించు వ్యాసములు వెల్లువగా వెలువడినవి. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ వ్యాసములనన్నిటిని తూచిచూచిన ఒక పరిశీలనను ప్రకటించెను. ఖర్చును గూర్చి మాటలాడిన 612 వ్యాసములు దొరకినవి. వానిలో నిజమైన జమాఖర్చుల అంకెలున్నవి 55 మాత్రమే. ఆ 55లో పరిశోధనా ప్రమాణములకు నిలిచినవి 24. దూరవైద్యము వ్యయమునకు తగిన ఫలమిచ్చునని చెప్పుటకు గట్టి సాక్ష్యము లేదని ఆ పరిశీలకులు తేల్చిరి. దూరవైద్యము దండుగయని దీని అర్థము కాదు. లెక్క చూడకుండ పొగడినవారే హెచ్చని అర్థము. ఒకచోట లాభించినది వేరొకచోట నష్టపరచవచ్చును. ఏలయన ఇందలి ఖర్చులో అధికభాగము స్థిరవ్యయము. ఉదాహరణకు, ఒక కేంద్రమును నడుపుటకు ఏటికి లక్ష రూపాయలగుననుకొందము. నూరుగురు రోగులు వచ్చినచో తలకు వేయి రూపాయలు. పదివేలమంది వచ్చినచో తలకు పది రూపాయలు. యంత్రమదియే, ఖర్చదియే, ఫలితము మాత్రము నూరురెట్లు భిన్నము. రోగికి పట్టణము ప్రక్కనేయున్నచో మిగులు స్వల్పము. రెండుదినముల దారియైనచో మిగులు గొప్పది.

మన తెలుగునాటికి ఈ విద్య వచ్చుటకు ఆలస్యము కాలేదు. 2000 మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమున అపోలో ఆసుపత్రివారి దూరవైద్య కేంద్రము ఆరంభమైనది. ఆనాటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ మన దేశమునకు వచ్చినప్పుడు దానిని ప్రారంభించెను. 2007లో ఆంధ్రప్రదేశ్ లో 104 సంఖ్యకు టెలిఫోను చేసి వైద్యసలహా పొందు సౌకర్యము కలిగెను. 2019లో కేంద్రప్రభుత్వము ఈ-సంజీవని అను సేవను నెలకొల్పెను. 2020 మార్చి 25న దూరవైద్యమును గూర్చిన నియమములు ప్రకటింపబడెను. 2023 ఫిబ్రవరి నాటికి ఈ-సంజీవనిలో 10 కోట్ల సంప్రదింపులు పూర్తియైనవి. అందులో మూడుకోట్లకు పైగా ఆంధ్రప్రదేశ్ నుండియే వచ్చినవి. రాష్ట్రములన్నిటిలో అది ప్రథమస్థానము. తెలంగాణనుండి 45 లక్షలకు మించి వచ్చినవి.

ఈ అంకెలు సంతోషకరములు. గ్రామ ఆరోగ్యకేంద్రమునందలి కార్యకర్త రోగిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని దూరమునున్న వైద్యునితో మాటలాడించు పద్ధతి, పటము చేతబట్టుకొన్న ఆస్ట్రేలియా గృహిణి పద్ధతికి వారసురాలే. కాని క్లాన్‌కరీ చరిత్ర చదివినవారు ఇక్కడ ఆగరు. సంప్రదింపు ఎన్నిసార్లు జరిగినదని కాక, జరిగిన పిమ్మట రోగికేమైనదని అడుగుదురు. వైద్యుడు వ్రాసిన మందు ఆ కేంద్రపు అలమారలో ఉన్నదా? పెద్ద ఆసుపత్రికి పొమ్మన్నచో పోవుటకు వాహనమున్నదా? పాడేరు మన్యములో బాటలేని గుట్టలమీది గూడెములనుండి గర్భిణిని డోలీలో మోసికొనివచ్చిరన్న వార్త ఇప్పటికిని వినబడుచునేయున్నది. డోలీ మోయువారికి టెలిఫోను సంకేతమే అందనిచోట, కోట్ల అంకెలో వారు చేరరు. పెడల్ వైర్‌లెస్ లేని విడుదుల కథ మన గుట్టలలో మరల జరుగరాదు.

లెక్క వ్రాయు విధానమును గూడ మనము మార్చుకొనవలెను. శాఖ ఖాతాలో యంత్రము, తీగ, జీతము వ్రాయబడును. గూడెమునుండి పట్టణపు ఆసుపత్రికి పోవు రోగి ఖర్చు ఎవరి ఖాతాలోను లేదు. అతని బస్సుచార్జీ, తోడు వచ్చినవాని చార్జీ, ఇద్దరి కూలి, ఒకపూట భోజనము, వైద్యుడు సెలవులో నున్నచో మరునాడు మరల పయనము, ఈ సమస్తమును రోగియే భరించును. ఈ ఖర్చును లెక్కలో చేర్చనిచో దూరవైద్యము ప్రభుత్వమునకు అదనపు భారముగా తోచును. చేర్చినచో అది పేదవాని జేబులో మిగిలిన కూలిగా కనబడును. ఎవరి వ్యయము, ఎవరి లాభము అని నిర్ణయింపకుండ చవుక, ఖరీదు అను మాటలకు అర్థము లేదు. అట్లే, దూరవైద్యమున్నదను నెపముతో గ్రామమున నర్సును తీసివేసినచో, అది పొదుపు కాదు. ఖర్చును శాఖ తలనుండి రోగి తలకు మార్చుట మాత్రమే.

ఈ శతాబ్దపు అనుభవము మనకు నాలుగు మాటలు నేర్పుచున్నది. సాధనము పనికి సరిపడినంత చవుకగను, గ్రామమున బాగుచేసికొనదగినంత సులభముగను ఉండవలెను. అది ఒక్క వైద్యమునకే కాక దినదినము పలుపనులకు ఉపయోగపడవలెను. రోగి ప్రక్కన శిక్షణ పొందిన మనిషియు, మందుల పెట్టెయు ఉండవలెను. మాటతో తీరని రోగమునకు వాహనము సిద్ధముగా ఉండవలెను. ఇవి నాలుగును ఉన్నచోట దూరవైద్యమువలె సొమ్మునకు ఫలమిచ్చు సేవలు అరుదు. ఒకటి కొరవడినను, ఎంత గొప్ప ఉపగ్రహమైనను హాల్స్ క్రీక్ తంతికంటె మేలైన పని చేయజాలదు.

ఫ్లిన్ 1951లోను, ట్రేగర్ 1980లోను కాలధర్మము చెందిరి. పెడల్ యంత్రములు నేడు వస్తుప్రదర్శనశాలలకు చేరినవి. కాని ఆ క్షేత్రములలో ముందు ప్రశ్నలడిగి, పెట్టెలోని మందు చెప్పి, అప్పటికిని కాదన్నచో విమానమును పంపు క్రమము మాత్రము నేటికిని మారలేదు. మన రాష్ట్రములలో కొత్త కేంద్రమునకు సొమ్ము మంజూరు చేయు అధికారి ఎవరైనను, తెర ఎంత పెద్దదని అడుగకముందు, గూడెములో దానియెదుట కూర్చుండు కార్యకర్త ఎవరని, ఆమె వెనుకనున్న అలమారలో ఏమున్నదని అడిగినచో, ఆ సొమ్ము వ్యర్థము కాదు.